రెండు ఇళ్ళ మధ్య 158 ఉత్తరాలు

"ఉత్తరాల కాలమే బావుండేది, ఇప్పుడన్నీ ఫార్వర్డులే" అనే మాట మనవాళ్ళ నోట నెలకోసారైనా వింటూనే ఉంటాం. అప్పట్లో మనుషులు నెమ్మదిగా ఆలోచించి రాసేవాళ్ళు, నోరు జారేవాళ్ళు కాదు, అందుకే స్నేహాలు గట్టిగా నిలబడేవి... ఇదీ ఆ మాట వెనకున్న లెక్క. నాకైతే ఈ లెక్క మీద నమ్మకం లేదు. ఎందుకు లేదో చెప్పడానికి అమెరికాలోని రెండు కుటుంబాల కథ ఒకటి చెప్తాను. వీళ్ళ ఉత్తరాలన్నీ ఇప్పుడు చదువుకోడానికి దొరుకుతున్నాయి. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు 2013లో ఫౌండర్స్ ఆన్‌లైన్ అని ఒక సైటు పెట్టి అన్నీ ఉచితంగా అందులో పెట్టారు. బిల్డ్ నడుస్తున్నప్పుడు ఒకటీ రెండూ చదవడం నాకు అలవాటైపోయింది. చెడ్డ అలవాటే, బిల్డ్ అయిపోయినా వదలబుద్ధి కాదు :)

ఒక కుటుంబం జెఫర్సన్లది. అమెరికా ఐదు సెంట్ల నాణెం చూసినవాళ్ళకి ఈయన తెలుసు. ఒకవైపు ఆయన మొహం, రెండోవైపు వర్జీనియాలో ఆయన కట్టుకున్న ఇల్లు మాంటిచెల్లో. రెండోది ఆడమ్స్ కుటుంబం. జాన్ ఆడమ్స్, ఆయన భార్య అబిగెయిల్, బోస్టన్ పక్కన క్విన్సీ అనే ఊళ్ళో పొలం, ఇల్లు. ఒకాయన పొడుగ్గా, మెత్తగా మాట్లాడే దక్షిణాది భూస్వామి. ఇంకొకాయన పొట్టిగా, లావుగా, ఏదున్నా మొహం మీదే అనేసే ఉత్తరాది లాయరు. 1775లో ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ సమావేశాల్లో కలిశారు. మరుసటి ఏడాది స్వాతంత్ర్య ప్రకటన రాయడానికి వేసిన ఐదుగురి కమిటీలో ఇద్దరూ ఉన్నారు. అక్కడిదాకా అది ఒక టీములో పనిచేసేవాళ్ళ పరిచయం లాంటిదే.

అసలు స్నేహం కుదిరింది పారిస్‌లో. 1784లో జెఫర్సన్ అక్కడికి వెళ్ళేసరికి ఆయన భార్య పోయి రెండేళ్ళయింది. ఆడమ్స్ కుటుంబం పారిస్ శివార్లలో ఓటేయి అనే చోట ఉండేది: భార్యాభర్తలు, కూతురు నాబీ, పెద్దకొడుకు జాన్ క్విన్సీ. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న మనిషికి పక్క పేటలో మనవాళ్ళ ఇల్లు ఒకటి ఉంటే ఎలా ఉంటుందో ఈ టపా చదివేవాళ్ళలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు. జెఫర్సన్ ఆ ఇంటి మనిషైపోయాడు. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆడమ్స్ తన కొడుకు గురించి ఆయనకి రాస్తూ "మన జాన్" అనేవాడు, ఆ రోజుల్లో వాడు నాకెంత కొడుకో నీకూ అంతే అన్నట్టుండేది అని.

1785లో ఆడమ్స్‌ని లండన్‌కి రాయబారిగా వేశారు. అప్పట్నుంచీ ఉత్తరాలు మొదలు. మీరేదో రాజనీతి చర్చలు ఊహించుకుంటే తప్పులో కాలేసినట్టే. అబిగెయిల్, జెఫర్సన్ల మధ్య నడిచినవాటిలో సగం షాపింగ్ లిస్టులు. ఆవిడ పారిస్ నుంచి చెప్పులు, లేసు పంపమంటుంది. ఆయన లండన్ నుంచి చొక్కాలు, టేబుల్ మీద పరిచే గుడ్డలు కొనిపెట్టమంటాడు. దేనికెంతయింది, ఎవరు ఎవరికి ఎంత బాకీ అని చివర్లో లెక్కలు. ఇండియా వెళ్ళేవాళ్ళ సూట్‌కేసుల్లో ఎవరెవరివో సామాన్లు పెట్టి పంపినట్టు, అప్పుడు పారిస్‌కి వెళ్ళేవాళ్ళ పెట్టెల్లో ఇవి వెళ్ళేవి.

1787లో జరిగింది మాత్రం షాపింగ్ కాదు. జెఫర్సన్ చిన్నకూతురు లూసీ అంతకుముందే వర్జీనియాలో కోరింతదగ్గుతో చనిపోయింది. దాంతో మిగిలిన కూతురు పాలీని వెంటనే తన దగ్గరికి పంపించమన్నాడాయన. పిల్ల పిన్నిగారింటిని వదిలి రానని మొండికేసింది. చివరికి ఓడలో ఆడుకోడానికని తీసుకెళ్ళి, పిల్ల నిద్రపోయాక లంగరెత్తేశారు. జూన్‌లో లండన్‌లో దిగేటప్పటికి పాలీకి ఇంకా తొమ్మిది నిండలేదు. అందుకోడానికి వెళ్ళింది అబిగెయిల్. కొన్నాళ్ళకే పిల్ల ఆవిడకి అతుక్కుపోయింది. తండ్రి మాత్రం స్వయంగా రాలేదు, పనివాణ్ణి పంపాడు. వాడికి ఇంగ్లీషు రాదు, పిల్లకి ఫ్రెంచి రాదు. అబిగెయిల్ ఈ విషయంలో జెఫర్సన్‌కి రాసిన ఉత్తరాలు మర్యాదగానే ఉంటాయి, కానీ చదివితే చురుక్కుమంటాయి. పిల్ల మెడ పట్టుకుని ఏడుస్తూ వెళ్ళింది. ఈ ఏడుపు గుర్తుపెట్టుకోండి, పదిహేడేళ్ళ తర్వాత మళ్ళీ వస్తుంది.

పాలీతో పాటు ఓడ దిగిన ఇంకో అమ్మాయి ఉంది. ఆమె దగ్గరికి కూడా తర్వాత వస్తాను.

ఇక రాజకీయం. 1790లలో ఫ్రెంచి విప్లవం మీద, కేంద్రానికి ఎంత అధికారం ఉండాలన్నదాని మీద ఇద్దరూ చెరోవైపు తేలారు. ఆడమ్స్ ఫెడరలిస్టు, జెఫర్సన్ రిపబ్లికన్ (ఇప్పటి రిపబ్లికన్ పార్టీకీ దీనికీ సంబంధం లేదు). 1796 ఎన్నికల్లో ఆడమ్స్ 71 ఓట్లతో గెలిచాడు, జెఫర్సన్‌కి 68 వచ్చాయి. అప్పటి రూలు ప్రకారం రెండో స్థానంలో వచ్చినవాడే ఉపాధ్యక్షుడు. అంటే ఓడిపోయిన ప్రత్యర్థిని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని నాలుగేళ్ళు ప్రభుత్వం నడపాలన్నమాట. ఈ డిజైన్ ఎవరు రివ్యూ చేశారో గానీ, ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక గానీ బగ్గు బయటపడలేదు. 1804లో రాజ్యాంగ సవరణ చేసి సరిచేశారు.

1798లో ఆడమ్స్ ప్రభుత్వం రాజద్రోహ చట్టం తెచ్చింది. ప్రభుత్వాన్ని తిడితే జైలు. జేమ్స్ క్యాలెండర్ అనే జర్నలిస్టు ఆడమ్స్‌ని నానా మాటలూ రాసి ఆ చట్టం కిందే జైలుకెళ్ళాడు. అతనికి జెఫర్సన్ డబ్బులిచ్చాడు. 1800 ఎన్నికల్లో ఆడమ్స్ ఓడిపోయాడు. ఆ నవంబర్లోనే రెండో కొడుకు చార్లెస్ తాగుడుతో చనిపోయాడు. 1801 మార్చి 4న జెఫర్సన్ ప్రమాణ స్వీకారం. ఆ తెల్లవారుజామున నాలుగు గంటలకే ఆడమ్స్ బండెక్కి ఊరు వదిలి వెళ్ళిపోయాడు. కొద్ది రోజుల్లో వాళ్ళిద్దరి మధ్య ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ ఆగడం ఆగడం పదకొండేళ్ళు.

ఇప్పుడు మొదటి మాటకి వద్దాం. మాట తూలడం, డబ్బిచ్చి తిట్టించడం, వెనక గోతులు తవ్వడం అన్నీ ఈ నెమ్మదైన ఉత్తరాల కాలంలోనే, గుర్రబ్బండి మీద వెళ్ళే పత్రికల్లోనే జరిగాయి. మన కాలం వాటిని కొత్తగా కనిపెట్టలేదు.

కాస్త పక్కదారి పట్టి, అప్పటి పోస్టు సంగతి చెప్పాలి. మామూలు కుటుంబాలకి ఉత్తరమంటే ఖరీదైన వ్యవహారం. కవర్లు వాడేవాళ్ళు కాదు. కాగితాన్నే మడిచి లక్కముద్ర వేసేవాళ్ళు. ఎందుకంటే ధర కాగితాల లెక్కన, దూరం లెక్కన. 1816 చట్టం ప్రకారం ముప్పై మైళ్ళ లోపైతే ఒక్క కాగితానికి 6 సెంట్లు, నాలుగొందల మైళ్ళు దాటితే 25. రెండు కాగితాలైతే రెట్టింపు. పైగా చాలావరకు డబ్బు కట్టేది రాసినవాడు కాదు, అందుకున్నవాడు! అందుకే జనం ఒక పేజీ అడ్డంగా రాసి, కాగితం తిప్పి, దాని మీదే నిలువుగా ఇంకో పేజీ రాసేవాళ్ళు. కంప్రెషన్ అన్నమాట, డీకోడ్ చేసే బాధ చదివేవాడిది. పత్రికలు పంపడం మాత్రం సెంటు, సెంటున్నరతో అయిపోయేది. కాబట్టి కొందరు పత్రికలో అక్షరాల కింద చుక్కలు పెట్టి కబుర్లు పంపేవాళ్ళు. 1845లో రేట్లు తగ్గించి మూడొందల మైళ్ళ లోపు 5 సెంట్లు చేశాక, 1851లో ముందే కడితే 3 సెంట్లకి దించాక గానీ, వలస వెళ్ళిన కొడుక్కి తల్లి తరచుగా రాయడం మామూలు ఇళ్ళలో సాధ్యపడలేదు. పడమటికి వలసపోయిన కుటుంబాలు, అంతర్యుద్ధంలో సిపాయిలు రాసిన ఉత్తరాల గుట్టల వెనక ఈ మూడు సెంట్లు ఉన్నాయి.

మన పెద్దమనుషులిద్దరికీ ఈ గొడవ లేదు. మాజీ అధ్యక్షులకి పోస్టు ఉచితం. కాగితం మీద 'ఫ్రీ' అని రాసి సంతకం పెడితే చాలు. అంటే పదకొండేళ్ళ మౌనానికి కారణం ఖర్చూ కాదు, దూరమూ కాదు. అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉండీ మాట్లాడుకోలేదు.

ఆ మౌనంలో ఒక్కసారి తలుపు తెరిచింది అబిగెయిల్. 1804 ఏప్రిల్‌లో పాలీ కాన్పు తర్వాత ఆరోగ్యం చెడి చనిపోయింది. పాతికేళ్ళు. ఆరుగురు పిల్లల్లో జెఫర్సన్‌కి ఇక మిగిలింది ఒక్క పెద్దకూతురే. ఈ వార్త క్విన్సీ చేరాక అబిగెయిల్ ఉండబట్టలేకపోయింది. మే 20న జెఫర్సన్‌కి రాసింది. వేరే పరిస్థితుల్లో అయితే రాసేదాన్ని కాదు అనే ఆ ఉత్తరంలో చెప్పేసింది. లండన్‌లో తన మెడ పట్టుకుని ఏడ్చిన ఆ పిల్లే కళ్ళ ముందు కనబడుతోందని రాసింది. భర్తకి చెప్పలేదు.

జెఫర్సన్ కదిలిపోయాడు. కానీ జవాబులో ఒక పని చేశాడు. స్నేహం గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, మీ ఆయన చేసిన ఒకే ఒక్క పని నన్ను వ్యక్తిగతంగా బాధపెట్టింది, దిగిపోయే ముందు నా శత్రువులని పదవుల్లో నియమించడం, అని ఒక వాక్యం కలిపాడు. పరామర్శకి వచ్చిన మనిషితో పాత బాకీ తీశాడు. అబిగెయిల్ ఊరుకునే మనిషి కాదు. క్యాలెండర్ సంగతేంటి, వాడికి డబ్బులిచ్చిందెవరు, క్షమాభిక్ష పెట్టిందెవరు, మా అబ్బాయిని బోస్టన్‌లో ఆ చిన్న పదవి నుంచి తీసేసిందెవరు అని మొదలుపెట్టింది. ఏడు ఉత్తరాలు అటూ ఇటూ నడిచి, అక్టోబర్లో ఇంక చాలు అని ఆవిడే ముగించింది. నవంబర్లో ఆ కట్ట భర్తకి చూపించింది. ఇదంతా తనకి తెలియకుండా జరిగిందని, ఇప్పుడు చెప్పడానికేమీ లేదని ఆడమ్స్ దాని చివర ఒక ముక్క రాసి పెట్టాడు.

నాకు ఈ ఏడు ఉత్తరాలు మొత్తం కథలో ముఖ్యమైనవనిపిస్తుంది. ఫెయిలయిన ప్రయత్నమని చరిత్ర పుస్తకాల్లో రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. కానీ లోపల కుళ్ళుతున్నదంతా బయటికి వచ్చింది ఇక్కడే.

ఇంకో ఐదేళ్ళు గడిచాయి. ఇద్దరికీ స్నేహితుడైన బెంజమిన్ రష్ అనే ఫిలడెల్ఫియా డాక్టరు 1809 అక్టోబర్లో ఆడమ్స్‌కి ఒక ఉత్తరం రాశాడు. నాకో కల వచ్చింది, అందులో మా అబ్బాయి భవిష్యత్తులో రాయబోయే అమెరికా చరిత్ర చదువుతున్నాడు, అందులో మీరు జెఫర్సన్‌కి ఒక చిన్న ఉత్తరం రాశారనీ, స్నేహం మళ్ళీ చిగురించిందనీ, ఇద్దరూ ఇంచుమించు ఒకే సమయంలో పోయారనీ ఉంది అని. కల నిజంగా వచ్చిందో లేదో మనకెందుకు గానీ, డాక్టరుగారి తెలివి చూడండి. "మీరే ముందు రాయండి" అని నేరుగా అంటే ఆడమ్స్ రాసేవాడు కాదు. ఆయన జవాబిస్తూ కల బావుందన్నాడు, ఉత్తరం మాత్రం రాయలేదు. రష్ వదల్లేదు. 1811లో జెఫర్సన్ పొరుగూరి కుర్రాళ్ళు, కోల్స్ సోదరులు, క్విన్సీ వెళ్ళినప్పుడు ఆడమ్స్ వాళ్ళతో మాటల్లో, జెఫర్సన్ అంటే నాకెప్పుడూ ప్రేమే, ఇప్పుడూ ప్రేమే అనేశాడు. ఆ మాట మాంటిచెల్లో చేరింది. జెఫర్సన్ రష్‌కి రాశాడు, రష్ అది ఆడమ్స్‌కి అందించాడు. పెళ్ళి సంబంధం కుదిర్చినట్టే ఉంటుంది ఈ వ్యవహారమంతా.

1812 జనవరి 1న ఆడమ్స్ ముందుగా రాశాడు. చిన్న ఉత్తరం. మీరు స్వదేశీ వస్తువులంటే ఇష్టపడతారు కదా, మా ఇంట్లో నేసిన బట్ట రెండు ముక్కలు పంపుతున్నాను అని. ఇది ఆయన మార్కు జోకు. ఆ రెండు ముక్కలూ కొడుకు జాన్ క్విన్సీ రాసిన రెండు సంపుటాల పుస్తకం! కానీ ఉత్తరం ముందు చేరింది, పార్సెల్ వెనకబడింది. జెఫర్సన్ నిజంగా బట్టే అనుకుని, వర్జీనియాలో ఇంటింటా నేత ఎలా సాగుతోందో, ఏ గుడ్డ ఎవరు నేస్తారో సీరియస్‌గా ఒక వ్యాసమే రాసి పంపాడు. అది పోస్టులో వేశాక పుస్తకాలు వచ్చాయి. నెట్‌వర్క్ మీద పనిచేసేవాళ్ళందరికీ ఈ బాధ తెలుసు, ప్యాకెట్లు వరస తప్పి వస్తే ఇలాగే ఉంటుంది :) వెంటనే ఇంకో ఉత్తరం రాసి సర్దుకున్నాడు. పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట ఇలా నవ్వులపాలవడం ఇద్దరికీ మంచే చేసిందనుకుంటాను.

అక్కడ్నుంచి 1826 దాకా 158 ఉత్తరాలు. ఆడమ్స్‌వి 109, జెఫర్సన్‌వి 49. ఆడమ్స్ దీని గురించి పట్టించుకోలేదు, నా నాలుగు ఉత్తరాలకంటే నీది ఒకటి ఎక్కువ అనేవాడు. నిజానికి జెఫర్సన్ ఇన్‌బాక్సు పరిస్థితి అలాంటిది. 1820లో ఒక్క ఏడాదిలో తనకి 1,267 ఉత్తరాలు వచ్చాయని లెక్కపెట్టి ఆడమ్స్‌కి మొరపెట్టుకున్నాడు. లెక్క ఎలా తెలుసంటే ఆయనకి లాగ్ రాసే అలవాటుంది. 1783 నుంచి చనిపోయేదాకా వచ్చిన ప్రతి ఉత్తరం, పంపిన ప్రతి ఉత్తరం తేదీలతో ఒక రిజిస్టర్లో ఎక్కించాడు. 1804 నుంచి రెండు కలాలు జోడించిన ఒక యంత్రం మీద రాసేవాడు. ఒక కలంతో రాస్తుంటే రెండోది పక్క కాగితం మీద అదే రాసేది. మనం ఇవన్నీ ఇవాళ చదవగలగడానికి ఆ బ్యాకప్ పిచ్చి ఒక ముఖ్య కారణం.

ఏం రాసుకున్నారు? గ్రీకు పుస్తకాలు, మతం, ముసలితనం, గుర్రపుస్వారీ, మనవలు, బతికిన జీవితాన్ని మళ్ళీ బతకమంటే బతుకుతావా అన్న ప్రశ్న. తొందరగా కలిసిపోయి అన్నీ మర్చిపోయారనుకోకండి. 1813లో జెఫర్సన్ ఎప్పుడో వేరే ఆయనకి ఆడమ్స్ మీద రాసిన పాత ఉత్తరం ఒక పుస్తకంలో అచ్చయింది. మనం స్క్రీన్‌షాట్ లీకయింది అంటామే, అదే. ఆడమ్స్ వరసపెట్టి కోపంగా రాశాడు. కానీ మానేయలేదు. మనమిద్దరం ఒకరికొకరం సంజాయిషీ చెప్పుకోకుండా చచ్చిపోకూడదు అన్నాడు. ఆ సంజాయిషీలు ఏళ్ళ తరబడి సాగాయి. 1816లో జెఫర్సన్, ఫ్రెంచి విప్లవం విషయంలో మీరు చెప్పిన జోస్యమే నాదానికంటే నిజమైంది అని ఒప్పుకున్నాడు. స్నేహం తెగడానికి సగం కారణమైన విషయం మీద ఇరవై ఏళ్ళకి వచ్చిన ఈ మాట ఆడమ్స్‌కి ఏ పదవికంటే తక్కువ?

అబిగెయిల్ కూడా వచ్చి చేరింది. 1813 జూలైలో భర్త ఉత్తరం చివర ఖాళీ చూసుకుని, పాత స్నేహితురాలి నమస్కారాలు అని రెండు వాక్యాలు ఇరికించింది. ఆగస్టులో ఆవిడ కూతురు నాబీ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. అంతకు రెండేళ్ళ ముందు మత్తుమందనేది లేని రోజుల్లో ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఆమె. పారిస్‌లో జెఫర్సన్ ఎరిగిన పిల్ల. ఆయన పాలీ పోయినప్పుడు ఆవిడ ఆయనకి రాసింది. ఇప్పుడు ఆవిడ తన కూతురు పోయిన సంగతి ఆయనకి రాసుకుంది. 1818 అక్టోబర్లో టైఫాయిడ్‌తో అబిగెయిల్ పోయినప్పుడు జెఫర్సన్ ఆడమ్స్‌కి రాసిన ఉత్తరం చిన్నది. ఓదార్పు మాటలు పనిచేయవని నాకు తెలుసు, కాలం, మౌనం తప్ప మందు లేదు అన్నాడు. భార్యనీ ఐదుగురు పిల్లలనీ పోగొట్టుకున్నవాడు రాసిన మాట అది.

1823లో రెండో లీకు. ఆడమ్స్ మౌనం రోజుల్లో కన్నింగ్‌హామ్ అనే బంధువుకి జెఫర్సన్‌ని తిడుతూ రాసిన ఉత్తరాలన్నీ ఆ బంధువు కొడుకు పుస్తకంగా వేసేశాడు. మరుసటి ఏడాది జాన్ క్విన్సీ అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నాడు, దెబ్బ కొట్టాలి కదా. క్విన్సీలో అందరూ బిక్కుబిక్కుమంటున్నారు. జెఫర్సన్ నుంచి ఉత్తరం వచ్చింది. కళ్ళు సరిగ్గా కనబడని 88 ఏళ్ళ ఆడమ్స్ దాన్ని టిఫిన్ల వేళ కుటుంబమంతా వింటుండగా చదివించుకున్నాడు. అర్ధ శతాబ్దపు స్నేహానికి ముందు ఇలాంటివి నన్ను కదిలించవు, మీరు దాన్ని మనసులోంచి తీసేయండి అని ఉంది అందులో. ఇంత మంచి ఉత్తరం ఎవరూ రాసి ఉండరని ఇంట్లో అందరూ అన్నారట, ఆడమ్స్ జవాబులో రాశాడు. 1813లో తను పాసైన పరీక్షనే పదేళ్ళ తర్వాత అవతలివాడు పాసయ్యాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇది చక్కటి నీతికథ. కానీ ఓడ దిగిన ఆ రెండో అమ్మాయి సంగతి చెప్తానన్నాను. ఆమె పేరు సాలీ హెమింగ్స్. పద్నాలుగేళ్ళు. జెఫర్సన్ బానిస. అబిగెయిల్ ఉత్తరంలో ఆమెకి పేరు కూడా లేదు, పాలీతో ఒక అమ్మాయి వచ్చింది, పదిహేనో పదహారో ఉంటాయి అని వయసు కూడా ఎక్కువ వేసి రాసింది. తర్వాత జెఫర్సన్‌కీ ఆమెకీ ఆరుగురు పిల్లలు పుట్టారని మాంటిచెల్లో నడిపే సంస్థ సహా చాలామంది చరిత్రకారులు ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. 1998లో డీఎన్ఏ పరీక్షలు జరిగాకే ఈ మాట గట్టిగా అనడం మొదలైంది. వేల ఉత్తరాలు, వాటి నకళ్ళు, వాటికో రిజిస్టరు దాచిన ఆ ఇంట్లో సాలీ రాసినది ఒక్క ముక్క కూడా దొరకలేదు. ఉత్తరాల్ని బట్టి చరిత్ర చదివేటప్పుడు ఇది మర్చిపోకూడదు. లాగ్‌లో లేని మనిషి లేనట్టు కాదు.

మరి ఈ స్నేహితులిద్దరూ బానిసత్వం గురించి ఏం మాట్లాడుకున్నారు? దాదాపు ఏమీ లేదు. ఆడమ్స్ జీవితంలో బానిసల్ని ఉంచుకోలేదు, జెఫర్సన్ దగ్గర మొత్తం మీద ఆరువందల మందికి పైగా ఉన్నారు. 1821లో మిస్సోరీ గొడవప్పుడు ఆడమ్స్ ఒకసారి కదిపాడు. ఈ నల్లమబ్బు యాభై ఏళ్ళుగా దేశం మీద వేలాడుతోందని రాసి, ఇది మీ దక్షిణాదివాళ్ళకే వదిలేస్తాను అని తప్పుకున్నాడు. అన్నీ ఒకరికొకరు సంజాయిషీ చెప్పుకోవాలన్న మనుషులు, అతిపెద్ద విషయం మాత్రం దాటేశారు. స్నేహం నిలబడడానికి అది కట్టిన ధర అనుకోవచ్చు. కానీ ఆ ధర వీళ్ళిద్దరి జేబులోంచి పోలేదు.

ఆ ఉత్తరాల చివర్లోనే ఇంకో సంగతి ఉంది. 1825లో జెఫర్సన్ మనవరాలు ఎలెన్ బోస్టన్ అబ్బాయిని పెళ్ళి చేసుకుని అక్కడికి వెళ్ళింది, ఆడమ్స్‌ని కూడా చూసొచ్చింది. ఆమె సామాన్లు వెళ్ళే ఓడ మునిగిపోయింది. అందులో తాత ఇంటి వడ్రంగి జాన్ హెమింగ్స్ ఆమె కోసం చేసిన రాతబల్ల ఉంది. సాలీకి తమ్ముడి వరస. ఆ బల్ల పోయిందని అతను కుమిలిపోయాడని జెఫర్సన్ ఎలెన్‌కి రాసి, బదులుగా తన దగ్గరున్న ఒక చిన్న చెక్కపెట్టె పంపాడు. 1776లో స్వాతంత్ర్య ప్రకటన రాసింది ఆ పెట్టె మీదే. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. పోయిన బల్ల సముద్రంలో ఉంది.

1826 జూలై 4. ప్రకటనకి సరిగ్గా యాభై ఏళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంట లోపు మాంటిచెల్లోలో జెఫర్సన్ పోయాడు, 83 ఏళ్ళు. అదే సాయంత్రం క్విన్సీలో ఆడమ్స్, 90 ఏళ్ళు. డాక్టర్ రష్ కల చివరి అక్షరంతో సహా నిజమైంది. చూడ్డానికి ఆయన లేడు, 1813లోనే పోయాడు. అప్పుడు అధ్యక్ష పదవిలో ఉన్నది "మన జాన్". జెఫర్సన్ లక్ష డాలర్లు దాటిన అప్పు మిగిల్చాడు. 1827 జనవరిలో మాంటిచెల్లోలో 130 మంది మనుషుల్ని వేలానికి పెట్టారు. విల్లులో స్వేచ్ఛ ఇచ్చింది ఐదుగురికే. వాళ్ళలో వడ్రంగి జాన్ హెమింగ్స్ ఒకడు, కమ్మరి జో ఫాసెట్ ఒకడు. ఫాసెట్ భార్యనీ పిల్లల్నీ మాత్రం ఆ వేలంలో అమ్మేశారు. ఉత్తరాలన్నీ భద్రంగా ఉన్నాయి.

2009-14 మధ్య రాష్ట్రం గొడవల్లో ఎన్ని హాస్టల్ స్నేహాలు తెగాయో మనకి తెలుసు. ఇప్పుడు పార్టీల పేరుతో ఎన్ని కుటుంబాల గ్రూపులు మ్యూట్‌లో ఉన్నాయో కూడా తెలుసు. ఆ తప్పు వాట్సాప్‌ది, కాగితం ఉంటే బాగుండేది అంటే నేనొప్పుకోను. కాగితం వీళ్ళకి పదకొండేళ్ళు అందుబాటులోనే ఉంది. పని చేసింది వేరే. ఒక తల్లి లెక్కలు చూసుకోకుండా రాసింది. ఒక స్నేహితుడు సిగ్గుపడకుండా మధ్యవర్తిత్వం చేశాడు. లీకయినప్పుడు ఒకసారి ఒకరు కోప్పడి కూడా రాయడం మానలేదు, ఇంకోసారి ఇంకొకరు చదివి కూడా చదవనట్టు ఊరుకున్నారు. ఇవేవీ స్పీడుకి సంబంధించినవి కావు, ఇవాళ ఫోన్లో కూడా చెయ్యొచ్చు. అలాగే, ఇద్దరు మంచి మనుషులు హాయిగా మాట్లాడుకుంటున్నప్పుడు వాళ్ళు దాటేస్తున్న విషయం ఏమిటి, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు అని చూడ్డం కూడా ఇవాళ్టికి పనికొచ్చేదే.

నార్తర్న్ వర్జీనియాలో ఉన్నవాళ్ళకి మాంటిచెల్లో రెండు గంటల డ్రైవ్. బోస్టన్‌లో ఉన్నవాళ్ళు రెడ్ లైన్ ఎక్కితే క్విన్సీలో దిగొచ్చు. వెళ్తే మాంటిచెల్లోలో పెద్ద ఇల్లు ఒక్కటే చూసి వచ్చేయకండి. కొండ వాలులో మల్బరీ రో అని ఒక దారి ఉంది, పనివాళ్ళ గుడిసెలు, వడ్రంగి షెడ్డు ఉన్న చోటు. అటు కూడా నడవండి.